అభ్యంతరం ఉన్నవాళ్ళు

చర్చిలో పెళ్లి ప్రకటన చదివితే మా పిన్ని ఎప్పుడూ చివరిదాకా వినేది కాదు. పాస్టరు అయ్యగారు జేబులోంచి కాగితం తీసి కళ్ళజోడు సర్దుకోగానే ఆవిడ హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పెట్టి, పక్కవాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ వెనక వంటగదిలోకి వెళ్ళిపోయేది. టీ చూడాలి అన్నది సాకు. టీ అప్పటికే మరుగుతూ ఉండేది. లోపలికి వెళ్ళిన మరుక్షణం సింకులో కుళాయి పూర్తిగా తిప్పిన చప్పుడు వినిపించేది. కడగడానికి గిన్నెలేమీ ఉండవు, మా కప్పులన్నీ కాగితం కప్పులు.

సిడ్నీకి పడమట ఒక ప్రైమరీ స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధన జరిపేవారు. గోడల నిండా పిల్లలు రంగులు పూసిన కంగారూలు, వాటి కింద బల్ల మీద మా పాటల పుస్తకాలు. కోస్తా నుంచి వచ్చిన నర్సులు, టాక్సీ నడిపేవాళ్ళు, బ్యాంకుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు, నాలాంటి స్టూడెంట్లు. ఊళ్ళో ఎవరి చర్చి వాళ్ళది. ఇక్కడ ఉన్నదే గుప్పెడుమంది కాబట్టి అందరిదీ ఒకటే చర్చి.

మావాళ్ళలో పెళ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు ఆ సంగతి సంఘం ముందు చదువుతారు. ఫలానావారి కుమారునికి ఫలానావారి కుమార్తెతో వివాహము నిశ్చయమైనది, ఇందుకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము ఉన్నయెడల తెలియజేయవలెను. చదివాక అయ్యగారు తలెత్తి హాలంతా చూస్తారు. ఎవరూ లేవరు. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది, ఎవరి పిల్లో ఏడుస్తుంది, ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. ఆస్ట్రేలియా చట్టానికి ఈ చదవడంతో పనిలేదు. అయినా చదివేవారు. ఎయిర్‌పోర్టులో ఆవకాయ లాక్కుంటారు గానీ ఇలాంటివి లాక్కోరు.

నేను అప్పుడు పారమట్టాలో సోషల్ వర్క్ మాస్టర్స్ చదువుతున్నాను. ఉండేది పిన్ని ఇంట్లో, ఎడ్మండ్‌సన్ పార్కులో. అక్కడ ఇళ్ళన్నీ కొత్తవి, చెట్లన్నీ ఇంకా కర్రకి కట్టినవే. పిన్ని హాస్పిటల్లో నర్సు, బాబాయ్ ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడు. వాళ్ళకి పిల్లలు లేరు. నేను సూట్‌కేసుతో దిగిన రోజు పిన్ని నాకు గది చూపించి, "ఇది నీ రూమే. గెస్ట్ రూమ్ అనమాక," అంది.

ఆ మాట నాకెందుకు అంత గుర్తుండిపోయిందో చెప్పాలి. చిన్నప్పుడు మా ఇంట్లో పిన్ని ఒక గొంతు మాత్రమే. తాతయ్య బయటికి వెళ్ళాడని రూఢి చేసుకున్నాక అమ్మ ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళేది, గొంతు తగ్గించి మాట్లాడేది. గేటు చప్పుడైతే "సరే ఉంటా" అని మధ్యలోనే పెట్టేసేది. గోడ మీద పిన్ని ఫొటో లేదు. తాతయ్య నోట ఆవిడ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు. ఇంట్లోంచి మనిషిని తీసేయడం ఎంత తేలికో నేను అలా నేర్చుకున్నాను. కేకలు ఉండవు, పేరు పిలవడం మానేస్తారంతే.

అందుకని నాకు నా సంగతి తెలిసిననాటినుంచీ ఒకటే భయం. ఆ భయాన్ని ఎంతకాలం మోశానో గాని, సిడ్నీ వచ్చేసరికి అది కూడా మొద్దుబారిపోయింది. పన్ను పీకే ముందు ఇంజక్షన్ ఇస్తే పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, నాకు మొత్తం మనిషి అలా ఉండేది. అసైన్‌మెంట్లు రాసేదాన్ని, రైలెక్కేదాన్ని, నవ్వాల్సిన చోట నవ్వేదాన్ని.

తను నా క్లాసులో అమ్మాయి. బ్రిస్బేన్లో, సన్నీబ్యాంక్ దగ్గర పెరిగింది. అమ్మానాన్నలు డాక్టర్లు, ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ తెలుగు హిందువులు. తనకి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. మొదటిరోజు నేను ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని అంతా విని, చివర్లో "Your mum thinks you're not eating," అంది. అలా మొదలైంది. మేం ప్రేమించుకున్నాం. ఇంతకంటే ఎక్కువ రాయడం నాకు చేతకాదు.

పిన్నికి తను నా ఫ్రెండ్. ఒకసారి ఇంటికి తీసుకెళితే, అన్నంలో పులుసు కలుపుకునే తీరు చూసి పిన్ని మురిసిపోయింది. "పాపం ఆ పిల్ల ఒక్కతే ఫ్లాట్‌లో ఏం వండుకుంటది," అని అప్పటినుంచి సోమవారాలు రెండు డబ్బాలు కట్టి ఇచ్చేది, ఒకటి నాకు, ఒకటి తనకు. తను డబ్బా తిరిగివ్వడం మర్చిపోయేది. పిన్ని ఆ డబ్బాల గురించి నన్ను సాధించేది.

ఆ కుళాయి సంగతి నాకు బాబాయ్ చెప్పాడు. ఒక శనివారం పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద మాంసం కాలుస్తున్నాడు. పిన్ని డ్యూటీలో ఉంది. పెళ్లి ప్రకటన రాగానే పిన్ని ఎందుకు లేచిపోతుందని అడిగాను.

"మీ అమ్మ చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు."

ఆయన ముక్కలు తిరగేశాడు. "మూడో ఆదివారం మీ తాత లేచాడమ్మా."

మేం మాలలం, బాబాయ్ వాళ్ళు మాదిగలు. ఇద్దరిదీ ఒకటే బైబిలు, ఒకటే పాటలు, ఊరి చివర రెండు పల్లెలు, మధ్యలో ఒక కాలువ. చర్చిలు మాత్రం వేరు. ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు మా రెండు పల్లెల్నీ ఒకే చూపుతో చూసేవారు. మేం మాత్రం ఒకరినొకరు ఆ చూపుతోనే చూసుకునేవాళ్ళం. పిన్ని నర్సింగు కాలేజీలో ఉన్న రోజుల్లో బాబాయ్‌తో పరిచయమై పెళ్లి చేసుకుంటామన్నారు. తాతయ్య మా చర్చిలో సంఘపెద్ద. ఇంట్లో ఏమీ అనలేదట. సరేనన్నాడనుకున్నారు. మొదటి ఆదివారం ప్రకటన చదివారు, రెండో ఆదివారం చదివారు. మూడో ఆదివారం అయ్యగారు "అభ్యంతరము ఉన్నయెడల" అని తలెత్తితే తాతయ్య ముందు వరసలోంచి లేచాడు.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. ఉంది అన్నాడు. కారణం చెప్పమంటే, దేవుడు ఎట్టా పుట్టించాడో అట్టానే ఉండాల, మనం మార్చగూడదు అన్నాడు. మీ పిన్ని అక్కడే ఉంది, ఆడవాళ్ళ వైపు. ఆమె మొహం చూస్తానే చెప్పాడు." బాబాయ్ ఒక ముక్క నా పళ్ళెంలో వేశాడు. "తిను, గట్టిపడిపోద్ది."

తర్వాత వాళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. అక్కడా అంతే, బోర్డు మీద నోటీసు అంటించి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవడానికి నెల గడువిచ్చారట. ఆ నెలంతా బాబాయ్ రోజూ వెళ్ళి ఆ కాగితాన్ని ఎవరూ చించలేదు కదా అని చూసి వచ్చేవాడట. ఈ దేశం వచ్చింది కూడా అందుకే అన్నాడు. ఉద్యోగం కోసం అని అందరికీ చెబుతారు.

ఆ సంవత్సరమే ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒకే లింగం వాళ్ళు పెళ్లి చేసుకోవచ్చా అని దేశంలో వోటున్న ప్రతివాళ్ళనీ పోస్టులో అడిగింది. అవును అని గాని కాదు అని గాని టిక్కు పెట్టి తిరిగి పంపాలి. నాది స్టూడెంటు వీసా, నన్నెవరూ అడగలేదు. పిన్నికీ బాబాయ్‌కీ చెరొక కవరు వచ్చింది. రెంటినీ పిన్ని ఫ్రిజ్ మీద ఒకే మాగ్నెట్ కింద పెట్టింది. పాలు తీసుకోవడానికి వెళ్ళిన ప్రతిసారీ నాకు అవి కనిపించేవి.

నాకు కోపం రావాలి, తెలుసు. క్లాసులో అందరూ కోపంగా ఉన్నారు. తను రోజూ ఏడ్చేది లేదా ఎవరితోనో పోట్లాడేది. ఎవరో విమానంతో సిడ్నీ ఆకాశంలో తెల్లటి పొగతో వద్దని వోటెయ్యమని రాశారు. స్టేషను బయట జనం తలెత్తి ఫొటోలు తీస్తున్నారు. నేనూ చూశాను. ఆ రాత అటు చివర గాలికి చెదిరిపోతుంటే, ఆ పైలట్‌కి మధ్యాహ్నం భోజనం ఎక్కడో అనిపించింది నాకు. ఇంకేమీ అనిపించలేదు.

చర్చిలో పాటల పుస్తకాల పక్కన రంగు కాగితాలు వచ్చి చేరాయి. సంఘంలో పెద్దాయన ఒకరు లేచి, "మనవాళ్ళందరూ నో పెట్టి ఈ వీక్‌లోనే పోస్ట్ చెయ్యండి. Don't delay," అన్నారు. నా పక్కన కూర్చున్న ఆంటీ నా చెయ్యి తట్టి, "నీకు వోటు లేదుగా. పర్లేదమ్మా, నువ్వు ప్రేయర్ చెయ్యి," అంది. ఆవిడ మంచిమనిషి. నాకు జ్వరం వస్తే రసం చేసి పంపిన మనిషి. నేను తల వంచుకుని కళ్ళు మూసుకున్నాను. ఏమని ప్రార్థించానో నాకు తెలియదు, దేవుడికైనా అర్థమైందో లేదో.

ఆ రోజుల్లోనే ఒక ట్యుటోరియల్లో పెళ్లి చట్టాల గురించి చర్చ వచ్చింది. మా లెక్చరర్ ఆదివాసీ మహిళ, క్వీన్స్‌లాండ్ వైపు మనిషి. అమెరికాలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పెళ్లాడకూడదని చట్టాలుండేవని చదువుకుని వచ్చాం. ఆవిడ అంత దూరం పోనక్కర్లేదంది. తన నాయనమ్మ వేరే జాతి మనిషిని చేసుకోవడానికి ప్రభుత్వ అధికారి దగ్గర అనుమతి తీసుకోవాల్సి వచ్చిందట. ఆ అధికారి హోదాకి పేరు రక్షకుడు. మా చర్చిలో ఆ మాట ఇంకొకరికి వాడతాం.

నా పక్కన కూర్చున్న తను చెయ్యెత్తి, "So it's the same thing, isn't it? అప్పుడు రేస్, now this," అంది.

ఒకటే అని నేననను అంది లెక్చరర్. తన నాయనమ్మ పిల్లల్ని కూడా లాక్కున్నారు, ఆ బాధ ఎవరికీ అరువివ్వలేనంది. కానీ పక్కపక్కన పెట్టి చూడమంది. రెండుచోట్లా ఎవరు అడుగుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు, వద్దనే హక్కు ఎవరిచ్చారు, అది చూడండి చాలు అంది. అందరూ రాసుకున్నారు. నేను మాత్రం కుళాయి చప్పుడు గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

నా ఆశ అక్కడ పుట్టింది. మొద్దుబారిన మనిషికి కూడా ఆశ పుడుతుంది, అదేం విడ్డూరమో. లోకంలో ఎవరికి అర్థం కాకపోయినా పిన్నికి అర్థమవుతుంది అనుకున్నాను. కాలిన చెయ్యికి నిప్పు సంగతి వేరే చెప్పాలా అనుకున్నాను.

ఒక సాయంత్రం ఇద్దరం వంటింట్లో ఉన్నాం. ఆవిడ చేపలు కడుగుతోంది, నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. బాబాయ్ అవతల టీవీ ముందు ఉన్నాడు. కవర్లు రెండూ ఇంకా ఫ్రిజ్ మీదే ఉన్నాయి.

"పిన్నీ, మీ ఇద్దరికీ అప్పుడు జరిగిందీ ఇదీ ఒకలాంటిదే కదా," అన్నాను.

"ఏది?"

నేను గడ్డంతో ఫ్రిజ్ వైపు చూపించాను. "ఇద్దరు మనుషులు పెళ్లి చేసుకుంటామంటే, మీకేమన్నా అభ్యంతరమా అని ఊరందర్నీ అడగడం."

ఆవిడ చేతిలో చేప అలాగే ఆగింది. నేను అనుకున్నదేమీ ఆ మొహంలో కనిపించలేదు.

"మా పెళ్లిని తీసకపోయి దాని పక్కన పెట్టమాక," అంది. గొంతు పెంచలేదు. "మేమేం తప్పు చేశాం? We were both believers. ఆడా మగా. మాకు అడ్డంగా బైబిల్లో ఒక్క మాట చూపించమను. మీ తాతకి దొరకలా. కులం తప్ప ఆయన చేతిలో ఏం లేదు. మేం ఏ పాపం చెయ్యకుండానే అంత పడ్డాం. ఇప్పుడు మమ్మల్ని దీంతో కలిపితే మేం పడ్డదానికి అర్థమేముంది?"

"కలపడం లేదు. పక్కన పెట్టి చూడమంటున్నా."

"చూసేదేముంది అమ్మాయ్. దేవుడు ఎట్టా పుట్టించాడో అట్టానే ఉండాల. మనం మార్చగూడదు."

అవతల టీవీ ఆగిపోయింది. బాబాయ్ లేచి, మామధ్య నుంచే నడుచుకుంటూ వెళ్ళి, పెరటి తలుపు తీసుకుని మొక్కలకి నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. అప్పటికి వాన పడి గంట కూడా కాలేదు. పిన్ని కిటికీలోంచి ఆయన్ని చూసింది. తను ఎవరి మాట అన్నదో ఆవిడకి తెలిసిందో లేదో నాకు తెలియదు. చేపని మళ్ళీ కడగడం మొదలుపెట్టింది, అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని.

నాకు దుఃఖం రావాల్సిన చోట అది. రాలేదు. ఉల్లిపాయలు పూర్తి చేసి, తరిగే పలక కడిగి ఆరబెట్టాను. ఆ పూట పులుసు బాగా కుదిరింది, రెండోసారి వడ్డించుకున్నాను కూడా. కొన్నాళ్ళకి ఫ్రిజ్ మీద కవర్లు లేవు. ఎవరు ఏం పెట్టారో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఆ మాగ్నెట్ కింద పిజ్జా షాపు కాగితం వచ్చింది.

ఫలితం చెప్పిన పొద్దున మేమంతా యూనివర్సిటీలో పెద్ద తెర ముందు నిలబడ్డాం. అవును అన్నవాళ్ళే ఎక్కువ అని చెప్పగానే జనం ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. తను నన్ను పట్టుకుని వణికిపోతోంది. నేను తన వీపు నిమురుతున్నాను. తన భుజం మీదుగా చూస్తే అవతల బెంచీ మీద ఒకాయన శాండ్‌విచ్ తింటున్నాడు, టమాటా ముక్క జారి ప్యాంటు మీద పడింది. ఆ రోజు నాకు స్పష్టంగా గుర్తున్నది ఆ టమాటాయే. నా గురించే అంత జరుగుతున్నా, నేను మాత్రం పక్కింటి పెళ్లికి వచ్చినదానిలా ఉన్నాను.

"మీ పిన్నికి చెప్పు," అంది తను, కళ్ళు తుడుచుకుని. "మా అమ్మకి నేను చెప్పేశాను. She didn't talk for a week, then she asked if you eat beef. I can't be the curry friend forever."

పారమట్టా నుంచి ఇంటికి వచ్చే రైల్లో ఫోన్ చూస్తే, మా పడమటి సిడ్నీ వైపు చాలాచోట్ల వద్దన్నవాళ్ళే ఎక్కువని ఉంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహాలు చూశాను. అందరూ అలసిపోయి ఉన్నారు. ఇంటికి వెళ్ళేసరికి పిన్ని బట్టలు మడుస్తోంది.

"పాసయిందంటగా," అంది.

"ఆఁ."

"అన్నం తిన్నావా?"

తినలేదన్నాను. పెట్టింది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం చర్చిలో ఒక పెళ్లి ప్రకటన ఉంది. మాకు తెలిసిన నర్సు పిల్లే, అది మూడోసారి చదవడం. అయ్యగారు జేబులో చెయ్యి పెట్టగానే పిన్ని లేచింది. నేనూ లేచాను. ముందుగా అనుకున్నది కాదు. ఇంట్లో చెబితే ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకోవచ్చు, ఇక్కడ హాలు నిండా జనం, వంటగదికి ఒకటే దారి. నా లోపల ఎవరో చాలా చల్లగా ఈ లెక్కలన్నీ వేసి పెట్టారు.

వంటగది ఇరుకు. ఒకవైపు సింకు, ఒకవైపు కింద కుళాయి ఉన్న పెద్ద స్టీలు పాత్రలో టీ. హాలు వైపు గోడకి పళ్ళేలు అందించే కిటికీ ఉంది, దాని తలుపు సరిగా పడదు. నేను వెళ్ళి సింకుకి ఆనుకుని నిలబడ్డాను.

"నువ్వెందుకొచ్చావ్? పోయి కూర్చో. జరుగు, కుళాయి తిప్పనీ."

"నీతో ఒక మాట చెప్పాలి పిన్నీ."

"ఇప్పుడా?"

"ఆ సన్నీబ్యాంక్ అమ్మాయి ఉంది కదా."

"ఊఁ. నా డబ్బాలు నాలుగు తన దగ్గరే ఉండిపోయినయ్." ఆవిడ కాగితం కప్పు తీసి టీ పాత్ర కింద పెట్టింది.

"మేం ఫ్రెండ్స్‌మి కాదు పిన్నీ. మేమిద్దరం కలిసి ఉండాలనుకుంటున్నాం. చదువయ్యాక పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం."

నా గొంతు నాకే వార్తలు చదువుతున్నట్టు వినిపించింది. కప్పు నిండింది. పిన్ని కుళాయి కట్టేసింది, ఒక్క చుక్క కూడా పొర్లలేదు, నర్సు చెయ్యి కదా. కప్పుని బల్ల మీద పెట్టింది. ఇంకో కప్పు తీసింది. దాన్ని ఖాళీగానే చేతిలో పట్టుకుని నిలబడింది. ఆవిడ నోరు తెరిస్తే వచ్చిన మొదటి మాట ఇది:

"వాళ్ళేంటోళ్ళు?"

మా వైపు కులం అడగడం అలాగే అడుగుతాం. ఎవరింట్లోనైనా పెళ్లి మాట వస్తే, తుమ్మితే చిరంజీవ అన్నట్టు, ఆ ప్రశ్న దానంతట అదే వస్తుంది. బాబాయ్ గురించి తాతయ్య పిన్నిని అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే అయి ఉంటుంది.

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. పిన్ని నా మొహంలోకి చూసి, తను ఏమన్నదో విన్నది. "ఛీ, నా నోరు పడిపోను," అని తనలో తనే అనుకుంది. ఆ ఖాళీ కప్పు ఆవిడ చేతిలో నలిగిపోయింది.

అప్పుడు హాల్లోంచి అయ్యగారి గొంతు వచ్చింది. కుళాయి తిప్పడానికి నేను అడ్డంగా ఉన్నాను. ఇందుకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము ఉన్నయెడల తెలియజేయవలెను. పిన్ని కదల్లేదు. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం ఆవిడ ఇన్నేళ్ళుగా వినలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. కుర్చీ కిర్రుమంటే ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి. ఎవరూ లేవలేదు. కాగితం మడిచిన చప్పుడు కిటికీ సందులోంచి మా దాకా వచ్చింది.

"నేను నో పెట్టా," అంది పిన్ని, టీ పాత్ర వైపు చూస్తూ.

"తెలుసు."

"నీకెట్టా తెలుసుద్ది. చెప్పలేదుగా నేను. మీ బాబాయ్ ఏం పెట్టాడో నేనడగలా, ఆయన చెప్పలా. అడిగితే ఆ కాలువ మళ్ళీ మా మధ్యకొస్తదని భయమేసింది."

ఆవిడ నలిగిన కప్పుని సాపు చేయడానికి ప్రయత్నిస్తోంది.

"మా నాన్న లేచి నిలబడ్డాడు. అందరి ముందు, నా మొహం చూస్తానే చెప్పాడు. నేను టిక్కు పెట్టి, పోస్టు డబ్బాలో వేసొచ్చి, నీకు చేపల పులుసు వడ్డించా. ఆయనే నయం." నావైపు తిరిగింది. "ఇప్పుడు నీ మొహం చూసి చెప్తున్నా, విను. నాకు అభ్యంతరం ఉంది. I don't understand it, నాన్నా. మంచిదని నా నోటెమ్మట రాదు. వచ్చినట్టు నటించలేను."

నేను తలూపాను. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళనుంచో సిద్ధంగా ఉన్నాను, అందుకే అది తగల్లేదు. సూట్‌కేసు ఏ అలమరలో ఉందో గుర్తు తెచ్చుకుంటున్నాను. తన ఫ్లాట్‌కి ఏ రైలు పట్టుకోవాలో చూస్తున్నాను. పేరు పిలవడం మానేస్తారు, అంతేగా అనుకుంటున్నాను.

పిన్ని కప్పు వదిలేసి, చెయ్యి చీరకి తుడుచుకుని నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"అయినా నువ్వు ఇంట్లోంచి ఎక్కడికీ పోనక్కర్లా," అంది. "మా నాన్న ఆ రెండో ముక్క చెప్పలా."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆకాశంలో రాసినప్పుడు రానిది, ఫలితం చెప్పినప్పుడు రానిది, ఆ ఇరుకు వంటగదిలో టీ ఆవిరి మధ్య వచ్చింది. నొప్పి కూడా వచ్చింది, ఇంజక్షన్ దిగిపోయాక పన్ను చోట వచ్చినట్టు. పిన్ని నన్ను దగ్గరకి తీసుకోలేదు. గడ్డం మాత్రం వదల్లేదు.

హాల్లో చివరి పాట అయిపోయింది, కుర్చీలు జరుపుతున్నారు. "మొహం కడుక్కో. ట్రే పట్టుకుపో, చల్లారిపోతయ్," అంది. నేను సింకు దగ్గర కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. ఆవిడ గబగబా కప్పులు నింపింది.

నేను ట్రే పట్టుకుని బయటికి వచ్చాను. నన్ను ప్రేయర్ చెయ్యమన్న ఆంటీ మొదటి కప్పు తీసుకుని, ఒక గుక్క తాగి, "ఇవాళ షుగర్ వెయ్యడం మర్చిపోయినట్టున్నారమ్మా," అంది.

"ఇవాళ్టికి అట్టానే తాగండి ఆంటీ," అంది పిన్ని, నా వెనకనుంచి.